హన్మయ్య హాజరు

సినిమావాళ్లకు పిచ్చంటే జుట్టు పీక్కునుడే. కనకమామిడిల మా సారు ఫామ్‌హౌస్‌ల నాలుగు దినాల సంది గదే తమాషా. యుద్ధంల మతి చెడిన జవాను కథనంట. హీరో అంగీ చింపుకుంటడు, గోడకు తల కొట్టుకుంటడు. కొట్టుకున్నంక అద్దం తెప్పించుకొని క్రాపు చూసుకుంటడు. థూ!

నా పెనిమిటి ఎల్లేశ్ పదహారేండ్లు ఫౌజుల చేసొచ్చిండు. ఇప్పుడు ఇక్కడ వాచ్‌మన్. గేటు పక్క రూమే మాకు ఇల్లు. ఆయనకున్న బాధ నేను ఎవ్వలకూ చెప్పలే. పిచ్చోడని తెలిస్తే ఉదయ్‌భాస్కర్ సారు ఒక్క పూటన్న ఉంచుకుంటడా?

డైరెక్టర్ నిశాంత్‌ది ఆంధ్రా మాట, తియ్యటి నోరు. మూడు దినాలు గేటుకాడ చాయ్ తాగుకుంట “అన్నా, అన్నా” అని ఎల్లేశ్‌ను కదిలించిండు. సురంగల్ ఊరి హన్మయ్య ముచ్చట గట్లనే గుంజిండు. హన్మయ్య, ఎల్లేశ్ ఒక్క దినమే భర్తీ అయిండ్రు, ఒక్క బంకర్లనే ఉండిండ్రు. హన్మయ్య తిరిగి రాలే.

నాలుగో దినం హాజరు సీను. జవాన్లను లైన్ల నిలబెట్టి పేర్లు పిలుస్తరు, సచ్చినోని పేరు రాంగనే హీరో మొత్తుకోవాలె. అసిస్టెంట్ కాగితం చూసి పిలిచిండు.

“సిపాయి హన్మయ్య!”

సిగ్గులేనోడు, పేరు సుత మార్చలే.

హీరో నోరు తెరువకముందే గేటుకాడికెల్లి వినొచ్చింది.

“హాజర్!”

ఎల్లేశ్ మడమలు కలిపి సీదా నిలబడ్డడు. పదకొండేండ్ల సంది మా ఇంట్ల పొద్దుగాల గింతే. లేచి తన పేరుకొకసారి, హన్మయ్య పేరుకొకసారి పలుకుతడు. మొత్తుకోడు, ఏడ్వడు. పలికినంక ముఖం కడుక్కొని పనికి పోతడు.

“కట్! ఎవడ్రా అది?” అని నిశాంత్ ఒర్లంగనే అందరూ నవ్విండ్రు. మల్లా పిలిస్తే మల్లా పలికిండు. షూటింగ్ చూడొచ్చిన సారుకు సమజైంది.

“సక్కుబాయీ, పిచ్చోని చేతిల నా గేటు పెట్టినవా? రేపు ఖాళీ చెయ్యండ్రి.”

నిశాంత్ ఉరికొచ్చిండు. “సార్, ఆయన్ని పంపకండి. అదిరిపోయింది! ఇంకోసారి అనిపించండి, కొంచెం పిచ్చిగా, కళ్లు పెద్దవి చేసి.”

సారు మెత్తబడ్డడు. “మంచిగ చేస్తే చూద్దాం లే.”

నేను మాత్రం ఏం తక్కువదాన్ని? నీడ పోతదన్న భయంతోని పోయి, “ఒక్కసారి అనయ్యా, నీకు దండం పెడ్త” అన్న. ఆయన నా దిక్కు చూసిండు. నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

లైట్లేసి కెమెరా ఆయన ముఖం మీదికి తెచ్చిండ్రు.

“సిపాయి హన్మయ్య!”

ఎల్లేశ్ పక్కకు చూసిండు. అక్కడ ఎవ్వలూ లేరు. యూనిటోళ్లంత నోర్లు తెరుసుకొని చూస్తున్నరు.

“లేడు” అన్నడు. “సచ్చిపోయిండు.”

మోకాళ్ల మీద కూలబడి ఏడ్చిండు. ఆయన ఏడ్వంగ నేను చూసుడు గదే మొదలు.

“కట్! లేడు కాదండీ, హాజర్ అనాలి!” అన్నడు నిశాంత్.

“నీ సినిమా మీద మన్నువడ” అన్న. రేపటిదాక ఎందుకని, సామాను గప్పుడే కట్టిన.