కూర్చుండిపోయిన స్ప్రింగు

నేను ఒక స్ప్రింగును. ఈ మాట అనగానే మీ చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోతుందని నాకు తెలుసు. ఆ టిక్కుటిక్కుమనే పిల్లకాయకూ నాకూ చుట్లే తప్ప చుట్టరికం లేదు. నేను కారు స్ప్రింగును. ముందువైపు ఎడమ చక్రం మీద నిలబడి, రోడ్డు కొట్టిన ప్రతి దెబ్బనూ మింగి, పైనున్నవాళ్ళకు తెలియనివ్వకుండా బతికినదాన్ని. బాగా పనిచేసినన్నాళ్ళూ నా ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీని మెలితిప్పి, నూనెలో ముంచి, నల్లరంగు పూసి నన్ను తయారుచేశారు. పుట్టగానే మమ్మల్ని ఒకసారి పూర్తిగా అణగదొక్కి చూస్తారు. లేచి నిలబడితేనే బండికి ఎక్కిస్తారు. మనుషులకు ఈ పరీక్ష పుట్టగానే పెట్టరు, బతుకంతా పెడుతూ ఉంటారు. నేనూ, నా జోడీ అయిన కుడిపక్కదీ నిలబడ్డాం. మా లోకంలో ఒకటే పెద్ద తిట్టు ఉంది: ‘కూర్చుంది’ అనడం. బరువు మోసి మోసి పొట్టిదైపోయి, ఇక లేవలేని స్ప్రింగును మెకానిక్కులు అలా అంటారు. ఆ మాట పడకుండా పోవాలని ప్రతి స్ప్రింగూ కోరుకుంటుంది.

మా కారును గాజువాకలో పైడయ్య మాస్టారు కొన్నారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, దిష్టి పోయిందనుకున్నారు. నా దిష్టి మాత్రం ఆ రోజే తగిలింది. ఎందుకంటే ఆయన నడిపింది డ్రైవింగ్ స్కూలు. కారుకు పసుపురంగు, నెత్తిన బోర్డు, ఎడమ సీటు కింద ఆయన కాలికి ఇంకో బ్రేకు. పొద్దున్న ఆరింటికి ఆయన ఎడమ పక్క ఎక్కితే దీపాలు పెట్టే వేళకు దిగేవారు. మనిషి నిండు బియ్యం బస్తా. కుడిపక్కన కూర్చునేవాళ్ళేమో వేలెడు లేని కాలేజీ కుర్రాళ్ళు, స్టీరింగు పట్టుకోగానే ఊపిరి బిగబట్టే కొత్త కోడళ్ళు. నా జోడీ హాయిగా ఉండేది. ఆ బస్తా నా పాలబడింది.

ఆయన పాఠమంతా ఒక్క మాటలో ఉండేది. “సెయ్యి ఎడమకి పోతంది, సూసుకో.” ఎవరు నడిపినా కారు ఎడమకే పోయేది. ఆయనకు అదే ఆశ్చర్యం. ఊళ్ళో ఒక్కడికీ చెయ్యి తిన్నగా లేదేమిటని టీ బడ్డీ దగ్గర వాపోయేవారు.

ఆ టీ బడ్డీకి ఒక కథ ఉంది. ఎవరికైనా పని వచ్చేసిందనిపిస్తే, మాస్టారు అక్కడ కారు ఆపించి, ఏమీ చెప్పకుండా దిగిపోయేవారు. కుర్రాడు ఒక్కడే ఊరు చుట్టి రావాలి. ఆయన టీ తాగుతూ ఉండేవారు. అదే ఆయనిచ్చే సర్టిఫికెట్టు. లైసెన్సు వచ్చిందా అని మా పేటలో ఎవరూ అడిగేవారు కాదు, “మాస్టారు దిగేరా?” అని అడిగేవారు.

అందరికీ దిగిన మనిషి ఒక్కరికి మాత్రం దిగలేదు. ఆయన కూతురు హైమావతి.

హైమ కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. రోజూ పొద్దున్న పాఠాల మధ్య ఖాళీలో ఈ కారులోనే దుకాణానికి వెళ్ళేది, పక్కన మాస్టారు. ఆమె అంత నిదానంగా నడిపినవాళ్ళు ఎవరూ లేరు. అందరినీ మోసినదాన్ని, ఆ మాట నేను చెబుతున్నాను. గుంట వస్తే నాకు ముందే చెప్పినట్టు దింపేది. అయినా రోజూ అదే పాట. “సెయ్యి ఎడమకి పోతందమ్మీ.” ఆమె పళ్ళు బిగించి స్టీరింగును కొంచెం కుడికి పట్టేది. టీ బడ్డీ వచ్చేది, వెళ్ళేది. ఆయన దిగేవారు కాదు. దుకాణం ముందు ఆమె దిగాక తను కుడిపక్కకు జరిగి కారు తీసుకుపోయేవారు. కూతురంటే ప్రేమ లేక కాదు. ఆయనకు ప్రేమ ఎక్కువైతే తప్పులు ఎక్కువ కనపడేవి, చాలామంది తండ్రులకు ఉన్న జబ్బే అది.

కిందటి శ్రావణంలో మాస్టారు గుండెపోటుతో పోయారు. ఎడమ సీటు ఖాళీ అయింది. నాకు బరువు తగ్గింది, కానీ నేను లేవలేకపోయాను.

హైమ స్కూలు మూసేసింది. బోర్డు తీసేసి, కారుకు బూడిదరంగు వేయించి, ఎడమ పక్క బ్రేకు పీకించింది. ఆ తరవాత కారును కిందికి దించాలనుకుంది. కొంగకాళ్ళ మీద నిలబడ్డట్టున్న ఆ కారును చూసి ఆమె చిన్నప్పుడు స్నేహితురాళ్ళు నవ్వేవారట. అప్పుడే నాన్నను అడిగితే, నేర్చుకునేవాళ్ళు రాళ్ళూ రప్పలూ అన్నీ ఎక్కిస్తారు, ఎత్తుగానే ఉండాలన్నారు. ఇప్పుడు అడ్డు చెప్పేవారు లేరు. ఈ బండి నాది అని ఒక్కసారైనా అనిపించాలన్నదే ఆమె పట్టుదల.

ఆటోనగర్లో కొండబాబు షెడ్డుకు వచ్చాం. మాస్టారి కాలం నుంచీ మా కారు చూసేది అతనే. స్ప్రింగు ఒక చుట్టు కోసేస్తే అరగంటలో పని అయిపోతుందన్నాడు. నాకది తల తీసేస్తామన్నట్టే వినపడింది. హైమ ఒప్పుకోలేదు. కోసిన స్ప్రింగు బిగుసుకుపోయి బండి ఎగిరెగిరి పడుతుందని ఆమె ముందే చదువుకుని వచ్చింది. అయితే మర తిప్పి ఎత్తూ పల్లమూ మార్చుకునే రకం వేద్దామన్నాడు. వానాకాలం బురదకు ఆ మర పట్టేస్తుంది, ఇది రోజూ తిరిగే బండి అంది. చివరికి పొట్టి స్ప్రింగులే వేయాలని తేల్చారు. పాత షాకబ్జర్లు ఉంచేద్దామని అతను, పొట్టి స్ప్రింగుకు పొట్టి షాకబ్జర్లే జోడీ అని ఆమె. కళ్ళజోడు అద్దాలకు ఫ్రేము చూసి ఇచ్చే మనిషి కదా, ఆ విషయంలో మెట్టు దిగలేదు.

ఎంత దించాలన్నదే అసలు పేచీ. కొండబాబుకు నేలను రాసుకుపోయే బండి ఇష్టం. హైమ వాళ్ళ వీధిలో ఎవరింటి ముందు వాళ్ళే సిమెంటు పోసుకున్న స్పీడు బ్రేకర్లు ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో కొండ, ఆ ఇంటివాడి కోపాన్ని బట్టి ఎత్తు. అన్నిట్లోకీ పెద్దదాన్ని టేపు పెట్టి కొలుచుకుని వచ్చింది. రెండు వేళ్ళ మేర చాలంది. ఆ మాత్రానికి దించడం ఎందుకని అతను నిట్టూర్చి పనిలో దిగాడు.

నన్నూ నా జోడీనీ విప్పి గచ్చు మీద పక్కపక్కన నిలబెట్టాడు. పుట్టిన తరవాత మేము ఒకరినొకరం చూసుకోవడం అదే మొదటిసారి. నేను తలదించుకున్నాను. హైమ వంగి చూసింది.

“ఇవి రెండూ ఒకలా లేవేంటి, కొండబాబన్నా?”

అతను తలెత్తకుండానే, “అది కూకుండిపోనాదమ్మా. ఎడమపక్కది” అన్నాడు.

ఆ తిట్టు పడనే పడింది. ఇది ఇలా ఉంటే బండి ఎడమకు లాగుతుందా అని ఆమె అడిగింది. లాగదేటి మరి అన్నాడు. అనేశాక చేతిలో పానా ఆగిపోయింది. ఎందుకంటే మాస్టారు ఎన్నోసార్లు బండి తెస్తే, టైర్లలో గాలి అనీ, రోడ్డు వాలు అనీ చెప్పి పంపింది అతనే. మాస్టారు గాజువాక చేతులన్నిటినీ తప్పుపట్టారు. తన కింద ఏముందో చూసుకోవాలని ఆయనకూ తోచలేదు.

“ఇటు కూర్చున్నది మా నాన్నే కదా” అంది హైమ. ముందు నవ్వింది. తరవాత ఆ నవ్వు ఎటో పోయింది. “నా చెయ్యి కాదన్నమాట.”

ఏదో ఒకటి అనాలి కాబట్టి కొండబాబు, “పోన్లెద్దూ, ఇన్నాళ్ళకి మాస్టారు దిగీసేరనుకోమ్మా” అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం. ఆమె మొహం చూసి మళ్ళీ పానా అందుకున్నాడు.

కొత్త స్ప్రింగులతో కారు వెళ్ళిపోయింది. అందంగానే ఉంది, ఒప్పుకోవాలి. మేమిద్దరం మూలన పాత ఇనుము గుట్టలో పడ్డాం. తూకానికి ఇచ్చేస్తారని తెలిసి, పైడయ్య మాస్టారి పాఠాన్ని నెమరు వేసుకుంటూ కూర్చున్నాను. కూర్చోవడం తప్ప ఇంకేం వచ్చు నాకు?

వారం తిరక్కుండా హైమ మళ్ళీ వచ్చింది. బండి కుడికి లాగుతోందట. కొండబాబు అన్నీ విప్పి చూసి, బిగించి, రోడ్డు మీదికి తీసుకుపోయి, స్టీరింగు వదిలేసి నడిపాడట. తిరిగి వచ్చి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

“బండి దారంలాగ ఎల్తందమ్మా. నీ సెయ్యే.”

ఇన్నేళ్ళూ ఎడమకు పోకుండా కుడికి పట్టి పట్టి, ఆ చెయ్యికి అదే అలవాటైపోయింది. ఆయన్ను మోసింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె చెయ్యి కూడా మోసిందన్నమాట.

హైమ గుట్ట దగ్గరకు వచ్చి నన్ను వెతికి తీసింది. జిడ్డు అంటుతుందని కూడా చూడలేదు. కూర్చున్న స్ప్రింగు మళ్ళీ లేవదు, ఏం చేసుకుంటావని కొండబాబు అడుగుతూనే ఉన్నాడు. పాతగుడ్డతో తుడిచి, నన్ను ఎడమ సీటు మీద పెట్టింది.

టీ బడ్డీ దగ్గర కారు ఆపింది. ఇంజను నడుస్తూనే ఉంది. మాస్టారు దిగే చోటు అది. ఆమె ఎడమ పక్క తలుపు వంక చూసింది, ఎవరో తీస్తారన్నట్టు.

“అప్పుడే దిగిపోకు నాన్నా” అంది. “నాకింకా తిన్నగా రాలేదు.”

తరవాత గేరు వేసింది. ఇన్నేళ్ళూ ఆయన కింద ఉన్నదాన్ని, ఇప్పుడు ఆయన సీట్లో ఉన్నాను. మా లోకంలో అది తిట్టే. అయినా చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నేను కూర్చున్నాను.