ఆగకుండా అరగంట

"నలభై దాటకు. తాపీగా పోతే పెట్రోలు కలిసొస్తుంది."

పదకొండేళ్ళుగా భర్త ఆ మాట చెప్పకుండా కారు తాళం ఆమె చేతికిచ్చింది లేదు. ఆమె దాటించిందీ లేదు. పిల్లల బడి, కూరల కొట్టు, అత్తగారి కళ్ళ డాక్టరు, ఆయన ఇస్త్రీ బట్టలు, అన్నీ ఇంటి చుట్టుపక్కలే. ఇంజను వేడెక్కేలోపే బండి ఆపడం, దిగడం, సంచులు మోయడం, మళ్ళీ ఎక్కడం. ఆ ఇంట్లో దీన్ని "ఊరికే కారేసుకుని తిరగడం" అంటారు. ఆ మాట మొదట అన్నది అత్తగారే.

ఇప్పుడా కారు చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఆయాసపడుతోంది. పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టరని, పొగను శుభ్రం చేసే డబ్బా ఒకటి ఉంటుందట. అది పూడుకుపోయిందట. సరిగ్గా ఈ వారమే ఊరవతలి కొత్త ఆసుపత్రి ల్యాబ్ నుంచి ఆమెకు ఉద్యోగానికి పిలుపొచ్చింది. పెళ్ళికి ముందు ఇష్టంగా చేసిన పనే. బస్సు లేని దారి. వెళ్ళి సంతకం పెట్టడానికి ఈ రోజే ఆఖరు.

"కారు బాగైతే చూద్దాంలే" అన్నాడు భర్త. కాదనడానికి ఆయన వాడే మర్యాదైన మాట అది.

అలాగని ఊరుకోలేదు. వీడియోలు చూసి, పూడిక వదులుతుందని రంగుల్లో కలిపే థిన్నరు పెట్రోలు ట్యాంకులో పోయబోయాడు. అత్తగారు డబ్బా లాక్కుంది. "ఒరేయ్, కారు తగలబడితే ఆ సంచులన్నీ ఎవడు మోస్తాడ్రా? నువ్వా?"

ఆయన ఉదయం షిఫ్టుకి వెళ్ళగానే అత్తాకోడళ్ళు మెకానిక్ తాత షెడ్డుకి వెళ్ళారు. తాత ఇంజను చప్పుడు విని, పొగ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"దీన్ని ఎప్పుడైనా దూరం తీసుకెళ్ళావా అమ్మాయ్?"

"లేదండీ. జాగ్రత్తగానే నడుపుతాను. నలభై దాటను."

"ఆ జాగ్రత్తే దీని రోగం. మసి కాలాలంటే డబ్బా వేడెక్కాలి. పెద్దరోడ్డెక్కి, గేరు ఒకటి తగ్గించి, ఎనభైలో అరగంట ఆగకుండా పో. లోపలి జల్లెడ కరిగిపోయుంటే ఏ చిట్కా పనిచెయ్యదు. ఉత్త మసైతే వదులుతుంది."

"మాడిన గిన్నెలా సబ్బునీళ్ళలో నానబెడితేనో?" అంది అత్తగారు.

తాత నవ్వాడు. "అదీ చేస్తారమ్మా. ఊడదీసి, ఆరబెట్టి, బిగించేసరికి రెండ్రోజులు."

రెండ్రోజులు ఎక్కడున్నాయి?

"మిమ్మల్ని ఇంటి దగ్గర దింపుతాను అత్తయ్యా."

"నేను దిగితే నీకు దారెవరు చెప్తారు?" అత్తగారు అప్పటికే బెల్టు పెట్టుకుంది.

అరవై. డెబ్భై. ఎనభై. ఇంజను అరుస్తుంటే ఆమె పాదం దానంతటదే పైకి లేస్తోంది. "తియ్యకు" అంటోంది అత్తగారు. "ఇప్పుడు ఎడమకి. ఆ వంతెన మీదికి." అరగంట కావస్తుండగా, వంతెన ఎత్తు దగ్గర కారు మునుపటిలాగే కాసేపు గింజుకుంది. ఆమె పాదం తియ్యలేదు. ఉన్నట్టుండి ఎవరో వెనక నుంచి పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టు బండి ముందుకు దూకింది. ఇద్దరూ ఒక్కసారే "అమ్మయ్య" అన్నారు.

వంతెన దిగి రెండు మలుపులు తిరిగేసరికి ఎదురుగా ఆసుపత్రి గేటు.

"ఈ దారి మీకెలా తెలుసు?"

"నిన్న కళ్ళ డాక్టరన్నాను కదా. టాక్సీలో ఇక్కడికొచ్చాను. పనిచేసే ఆడవాళ్ళకి బాత్రూమ్ ఉందో లేదో చూద్దామని. ఉంది, శుభ్రంగానే ఉంది."

పదకొండేళ్ళ దెప్పుళ్ళు ఆమె మరిచిపోలేదు. మరవదు కూడా. అయినా గుండె నిండిపోయింది. థాంక్స్ అనే అలవాటు ఆమెకు లేదు. అనిపించుకునే అలవాటు అత్తగారికీ లేదు. "వెళ్ళవే, టైమవుతోంది" అని అటు తిరిగి కూర్చుంది.

కాగితాలు, పరీక్షలు, సంతకాలు అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడున్నర. రెండింటికే ఇల్లు చేరి నిద్రపోయే భర్త ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావు? పిల్లల్ని తేవాలిగా?"

"ల్యాబ్‌లో ఉన్నాను. ఉద్యోగంలో చేరిపోయాను. పిల్లల్ని మీరు తీసుకురండి."

"నేనా? వాళ్ళ క్లాసులు ఎక్కడో నాకేం తెలుసు?"

"పెద్దదానిది మెట్లెక్కగానే ఎడమ పక్క గది. చిన్నాడిది నీళ్ళ పంపు ఎదురుగా. వాడు చెయ్యి పట్టుకుంటేనే కదులుతాడు. నాలుక్కల్లా అక్కడ ఉండాలి."

"సరే, ఈ ఒక్క రోజుకే కదా?"

"కాదండీ," అందామె, "రోజూ."