కుడి పక్క రెమీజియోది

త్రబుక్కీ కూపే అనే రెండు డోర్ల కారు మా షెడ్డుకు వచ్చిన రోజు దానికి చక్రాలు కూడా లేవు. వెర్చెల్లి దగ్గర ఒక వడ్ల గోదాములో ముప్ఫై ఏళ్ళు టార్పాలిన్ కింద పడి ఉన్న బండి అది. త్యూరిన్‌లో బోర్గో సాన్ పావొలో పేటలో, కార్లకు చేత్తో బాడీలు కట్టే త్రబుక్కీ కార్ఖానా 1958లో అలాంటివి మూడే మూడు చేసింది. ఒకటి లిగూరియా కొండదారిలో తగలబడిపోయింది. ఇంకొకటి ఓడెక్కి అర్జెంటీనా వెళ్ళింది, మళ్ళీ దాని కబురు లేదు. కార్ఖానా మూతపడి యాభై ఏళ్ళు దాటింది. మిగిలిందల్లా ఈ ఒక్క కారు.

నా పేరు లోరెదానా. మొంకాలియేరిలో పాత కార్లు బాగుచేసే షెడ్డు నాది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా పని. ఈ కారు గోదాములో ఉందని కనిపెట్టి కొన్నది నొవారాలో కళ్ళ డాక్టరు బొల్లాతిగారు. రెండున్నరేళ్ళు కష్టపడ్డాం. అయితే మొదటి వారంలోనే ఒక తేడా కనిపించింది. కుడి పక్క వెనక మడ్‌గార్డు ఎడమదానికంటే తొమ్మిది మిల్లీమీటర్లు కిందికి ఉంది. డోరు మీది గీత కూడా చివరికి వచ్చేసరికి కాస్త వాలిపోయింది. ఎప్పుడో ఎక్కడో గుద్దుకున్న బండిని ఎవడో పల్లెటూరి మెకానిక్కు తోచినట్టు కొట్టి నిలబెట్టాడని నేనూ, మా రేకుపని మేస్త్రీ దారియో తీర్మానించేశాం. ఎడమ పక్క కొలతల్ని యంత్రంతో తీయించి, అద్దంలో బొమ్మలా తిరగేసి, కుడి పక్క మొత్తానికి కొత్త అల్యూమినియం రేకులు చేశాం. పాతవి తుక్కు లారీ ఎక్కించాం.

కారు తయారైన రోజు డాక్టరుగారు దాని చుట్టూ తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. మే నెలలో ఓర్తా సరస్సు ఒడ్డున పాత కార్ల పోటీ ఉంది. పోటీవాళ్ళు కారు చరిత్ర రాసివ్వమన్నారు. త్రబుక్కీలో పనిచేసినవాళ్ళు ఎవరైనా బతికున్నారేమోనని నెల రోజులు వెతికాను. చివరికి రిటైరైన పనివాళ్ళు ఇనప గుండ్లు దొర్లించే ఆట ఆడుకునే క్లబ్బులో ఒకాయన ఫోన్ నంబరు దొరికింది. పేరు చెలెస్తీనో, వయసు ఎనభై ఆరు.

"కారు ఉందా? నిజంగానే ఉందా?" అని మూడుసార్లు అడిగాడాయన. తర్వాత, "అక్కను కూడా తీసుకొస్తానమ్మా. మా బావ రెమీజియో కూడా దీని మీద పనిచేశాడు. బావ పోయి చాలా కాలమైంది" అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం వచ్చారు. అక్క పేరు డెల్ఫీనా. ఎనభై ఎనిమిదేళ్ళు. చిన్న మనిషి. బిస్కెట్ల డబ్బా ఒకటి గుండెలకు హత్తుకుని తమ్ముడి మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. కళ్ళు దాదాపు పోయాయి, వెలుతురు మాత్రం తెలుస్తుందట.

"ఇదిగో అమ్మాయ్, ఇవి మీకు. కాఫీలో ముంచుకుని తినండి. గట్టిగా ఉన్నాయని మాత్రం అనకండి, మా వాడి బుర్రకంటే మెత్తగానే ఉన్నాయి" అంది డబ్బా నా చేతిలో పెడుతూ.

"వచ్చీ రాగానే మొదలెట్టావా అక్కా" అన్నాడు చెలెస్తీనో.

నేనూ దారియో కలిసి కారు మీది గుడ్డ తీశాం. చెలెస్తీనో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎడమ పక్క మెల్లగా నడుస్తూ మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నవ్వాడు. వెనకనుంచి చుట్టి కుడి పక్కకు వచ్చాడు. అక్కడ ఆయన నవ్వు ఆగిపోయింది. ఒంగి చూశాడు. ఒక కన్ను మూసి, రేకు పొడుగునా చూశాడు. చక్రం పైనున్న వంపు లోపలికి వేళ్ళు పెట్టి తడిమాడు. 

నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు: "ఇది ఎవరు చేశారు?"

"మేమేనండీ. గుద్దుకుని సొట్టపడితే…"

"గుద్దుకోవడమేంటి! ఆ పక్క మా బావది. ఎడమ పక్క నాది, కుడి పక్క ఆయనది. పాతది ఏం చేశారు?"

నేను దారియో వైపు చూశాను. ఆయనకు అర్థమైపోయింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "అక్కకు చెప్పకండి. నేను చూసుకుంటాను" అన్నాడు.

డెల్ఫీనా అప్పటికే రెండు చేతులూ ముందుకు చాపి నిలబడి ఉంది. "ఎక్కడరా? నన్ను ఆయన పక్కకు తీసుకెళ్ళు."

చెలెస్తీనో ఆమెను ఎడమ పక్కకు, అంటే తను చేసిన పక్కకు, నడిపించాడు. "ఇదే అక్కా. కుడి పక్క. బావది."

ఆమె అరచేయి రేకు మీద ఆనించింది. డోరు దగ్గర మొదలుపెట్టి, తొందర లేకుండా, వెనక దీపం దాకా తీసుకెళ్ళింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది. చక్రం పైన ఆగింది. 

"ఒరే చెలెస్తీనో," అంది. "ఎవరిని మోసం చేద్దామనిరా? ఇది నువ్వు చేసింది. చక్రం పైకి వచ్చేసరికి నీకెప్పుడూ కంగారే, బిగించేస్తావు. త్రబుక్కీలో ఏడేళ్ళు గరుకు కాగితంతో మీ ఇద్దరి రేకులూ రుద్దినదాన్ని నేను. నా చేతికి అబద్ధం చెబుతావా? ఆయనది ఎక్కడ?"

చెలెస్తీనో తల దించుకున్నాడు.  ఆమె మమ్మల్ని వదిలేసి, కారు పట్టుకుని తడుముకుంటూ తనే అటు పక్కకు వెళ్ళింది. డోరు మీద చెయ్యి పెట్టింది. సగం దాకా వచ్చి చెయ్యి తీసేసింది, పొయ్యి మీది గిన్నె ముట్టుకున్నట్టు. చక్రం వంపు లోపల తడిమింది. ఎడమ పక్క అక్కడ పాత సుత్తి దెబ్బలు ఇప్పటికీ గుంటలు గుంటలుగా ఉన్నాయి. ఈ పక్క గాజులా నున్నగా ఉంది.

"ఇక్కడ ఎవరూ లేరే" అంది.

 ఇరవై ఆరేళ్ళుగా ఎన్నో కార్లు విప్పాను. తుప్పు ఏది, పాత పని ఏది, అతుకు ఏది అని పని నేర్చుకునే పిల్లలకు పాఠాలు కూడా చెప్పాను. ఆ తొమ్మిది మిల్లీమీటర్లలో ఒక మనిషి ఉంటాడని నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. వాలిపోయి ఉంటే తప్పనుకున్నామని, కోసి పారేశామని.

ఆమె వింది.  చెలెస్తీనోనే మాట్లాడాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు. "బావ ఎడమచేతి వాటం. పైగా కారు నమూనా గీసిన మనిషి ఎడమ పక్కే గీసిచ్చాడు. రెండోది కంటితో చూసి చేసుకోమన్నాడు. నాలుగు నెలలు చెరో పక్క నిలబడి కొట్టాం. ఒక శనివారం యజమాని కొలబద్ద పెట్టి చూసి, బావది కిందికుందని గోల. బావ నవ్వి, రెండు పక్కలూ ఒకేసారి చూసే మొనగాడెవడో తీసుకురండి, అప్పుడు సరిచేస్తాను అన్నాడు. యజమానికి కూడా నవ్వొచ్చేసింది."

"అక్టోబరులో కారు ఇచ్చేశారు," అంది డెల్ఫీనా. "నవంబరులో పొద్దున్నే పనికి పోతూ, పొగమంచులో, మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు. పెళ్ళయి మూడేళ్ళు. పిల్లల్లేరు. పెళ్ళి ఫొటో ఒకటుంది. అది నాకిప్పుడు కనిపించదు. కారు దొరికిందని వీడు చెప్పినప్పుడు, సరే, ముట్టుకుని చూద్దామనుకున్నాను."

దారియో గిరుక్కున తిరిగి షెడ్డు బయటికి వెళ్ళిపోయాడు.

నేను అక్కడికక్కడే తుక్కు వ్యాపారికి ఫోన్ చేశాను.  "ఏడాదిన్నర కిందటి సరుకా? అదెప్పుడో కరిగిపోయిందమ్మా. ఓమెన్యా వైపు గిన్నెలూ, కాఫీ పాత్రలూ పోసేవాళ్ళు తీసుకెళ్ళారు" అన్నాడు.

ఫోన్లో మాట ఆమెకు వినబడింది. "అయితే ఎవరింట్లోనో కాఫీ కాస్తున్నాడన్నమాట," అంది. "ఉన్నన్నాళ్ళూ ఒక్కపూట పెట్టిచ్చిన పాపాన పోలేదు." అని తనే నవ్వబోయింది. 

వాళ్ళు వెళ్ళాక బిస్కెట్ల డబ్బా తెరవడానికి కూడా మాకు ధైర్యం చాలలేదు. అప్పుడు దారియో అన్నాడు: "మొదటి వారంలో కొలిచినవాడు రెండు పక్కలూ కొలిచాడు కదా? కుడిది మనం వాడుకోలేదు, అంతే." కొలతల కంపెనీకి ఫోన్ చేశాం. ఉన్నాయన్నారు. రెమీజియో చేసిన పక్క అణువణువూ అంకెల్లో భద్రంగా ఉంది.

కుడి పక్కను మళ్ళీ పాతదానిలా చేస్తామని వెంటనే డాక్టరుగారికి చెప్పాను. ఆయన మండిపడ్డారు. "నీకేమైనా మతి పోయిందా లోరెదానా? మూడు వారాల్లో పోటీ పెట్టుకుని, మంచి కారును వంకర చేస్తావా? జనం నవ్వరా?"

చెలెస్తీనోకు ఫోన్లో ఈ సంగతి చెబుతుంటే, వెనకనుంచి డెల్ఫీనా గొంతు వినిపించింది: "కళ్ళ డాక్టరా? అయితే ఆయన్ను నా కళ్ళు చూడమను, ఆయన కారు నేను చూస్తాను."

పోటీకి కారు అలాగే వెళ్ళింది. దాని తరగతిలో మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత మైకులో, "రెండు పక్కలూ అచ్చు గుద్దినట్టున్నాయి, చేతిపనిలో ఇంత కచ్చితం ఎక్కడా చూడలేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఒక్కో చప్పట్టూ నా చెంప మీద పడినట్టుంది. వేదిక ఎక్కలేదు. డాక్టరుగారు కప్పు పట్టుకుని నన్ను వెతుక్కుంటూ సరస్సు దగ్గరికి వచ్చారు.

"ఏంటమ్మా, ఎవరైనా పోయారా?"

ఫొటో సంగతి చెప్పాను. ఆమెకు అది కనిపించదని, అందుకే చేత్తో చూడడానికి వచ్చిందని. పొయ్యి మీది గిన్నె ముట్టుకున్నట్టు ఆమె చెయ్యి ఎలా వెనక్కి తీసుకుందో నా చేత్తో చేసి చూపించాను. ఆయన కప్పును గోడ మీద పెట్టేశారు. "ఆమెకు కళ్ళు ఏమయ్యాయి?" అని మాత్రం అడిగారు.

పదిరోజుల తర్వాత, డాక్టరుగారు రమ్మంటే, చెలెస్తీనో అక్కను నొవారా తీసుకెళ్ళాడు. డాక్టరుగారు రెండు గంటలు పరీక్ష చేశారు. ఇక చేయగలిగింది లేదు. ఆ సంగతి ఆయనే ఆమెకు చెప్పారు. ఆ మధ్యాహ్నమే నాకు ఫోన్ చేశారు.  "కుడి పక్క విప్పేయండి" అన్నారు.

సెప్టెంబరులో మొదలుపెట్టాం. కొలతల ప్రకారం కొయ్య అచ్చు చేయించాం. కొట్టేది దారియో. చెలెస్తీనో పక్కన స్టూలు వేసుకుని, "అటు కాదయ్యా, బావ ఎడమ భుజం ముందుకు పెట్టేవాడు. చిన్న దెబ్బలు. తొందరేంటి, రైలు పోతోందా?" అని అతన్ని పీక్కుతినేసేవాడు. దారియో రెండు రేకులు పాడుచేశాడు. గురువారాల్లో డెల్ఫీనా బస్సులో వచ్చి తడిమి చూసేది. "ఊహూ" అనేది. మళ్ళీ గురువారం, "ఊహూ."

డిసెంబరు రెండో గురువారం అరచేయి డోరు దగ్గర పెట్టి దీపం దాకా మూడుసార్లు పోయి వచ్చింది. చక్రం వంపు లోపల వేళ్ళు పెట్టి అక్కడే ఆపింది.

"రెమీజియో కాదు" అంది.

దారియో సుత్తి బల్ల మీద పెట్టేశాడు.

"ఆగవయ్యా, పూర్తిగా విను. రెమీజియో కాదు. కానీ ఆయన నిలబడ్డ చోటే నిలబడి కొట్టారు ఎవరో." చెయ్యి తీయకుండానే తమ్ముడి వైపు తిరిగింది. "నీకు ఇదంతా గుర్తుందిరా?"

"ఎదురుగా నిలబడ్డవాణ్ణి కదక్కా" అన్నాడు చెలెస్తీనో. 

రంగు వేయడానికి ఒక వారం ఆగమని అడిగింది. వట్టి రేకును తడుముకోవడానికి రోజూ వస్తానంది. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. రెండు వారాలు ఆగండి అన్నారాయన.