తెల్ల చుక్క

తొమ్మిదో చెట్టు దగ్గర వింకోకు ఎడమ చెయ్యి లాగింది. బూడిదరంగు డబ్బా బరువని సరిపెట్టుకుని, దాన్ని కుడిచేతికి మార్చుకున్నాడు. చెట్టు మీద ఎర్రటి వలయం, దాని మధ్యలో తెల్ల చుక్క. కొండదారి నడిచేవాళ్ళకు ఇటు రమ్మని చెప్పే గుర్తు అది. బేలా ఏటి ఒడ్డున ఉన్న ప్రతి గుర్తూ వింకో పెట్టిందే, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఏటేటా తిరిగి దిద్దిందే. ఇవాళ వాటి మీద తనే బూడిదరంగు పూస్తున్నాడు. పూసేముందు బెరడు మీది నాచును అలవాటు ప్రకారం ఇనుప బ్రష్షుతో శుభ్రంగా గీకుతున్నాడు. చెరిపేదానికి ఇంత ముస్తాబెందుకని అడిగేవాళ్ళు అక్కడ లేరు.

వింకోకు డెబ్బై రెండేళ్ళు. రంపపు మిల్లులో చాకిరీ చేసి, రెండు వేళ్ళు అక్కడే వదిలేసి, పింఛనుతో బయటపడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. సముద్రాన్ని ఒకే ఒక్కసారి చూశాడు, ఎండ మరీ ఎక్కువగా ఉందని మర్నాడే తిరిగొచ్చాడు. అతని గుర్తులు నమ్ముకుని వేలమంది నడిచారు గానీ, అవి పెట్టినవాడికి ఒక పేరుంటుందని ఎవరికీ తట్టలేదు. నిజానికి అతనికీ తట్టలేదు. కొండదారుల సంఘంలో మిగతావాళ్ళు ముందు తెల్ల చుక్క పెట్టి చుట్టూ ఎరుపు తిప్పుతారు. వింకోది తిరగేసిన పద్ధతి. ముందు ఎర్ర వలయం, అది ఆరేదాకా చెట్టు కింద కూర్చుని రొట్టెముక్క నమలడం, ఆ తర్వాతే చుక్క.

"కన్ను ముందే పెడితే నా పనంతా చూస్తా కూచుంటది. నాకు సిగ్గు," అనేవాడు.

నిరుడు ఆగస్టు వరదలో బేలా ఏరు రెండు కర్రవంతెనలనూ, సగం దారినీ మింగేసింది. ఈ వేసవికి సంఘం గట్టు మీదుగా కొత్త దారి తెరిచింది. జనం మళ్ళీ వస్తున్నారు. పాత దారి మూసేశామని కింద బోర్డు కూడా పెట్టారు. కానీ బోర్డు చదివేవాళ్ళకంటే చెట్టు మీది గుర్తు చూసి నడిచేవాళ్ళే ఎక్కువ. పదిరోజుల కిందట ల్యుబ్లియానా నగరం నుంచి వచ్చిన ఒకామె అలాగే గుర్తు వెంట గుర్తు పట్టుకుని వెళ్ళి, విరిగిపడిన చరియ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. వింకో ఆపిల్ పళ్ళు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. గుమ్మం దాకా వెళ్ళి, మొహం చెల్లక, సంచీ నర్సు చేతికిచ్చి వచ్చేశాడు. ఆమెను ఆ చరియ మీదికి తీసుకెళ్ళింది తన గుర్తేనన్న బాధ అతన్ని తినేస్తోంది.

కాబట్టి చెరపక తప్పదు. చెరిపితే పాత దారి చివరనున్న జోఫ్కా ఇంటికి నరమానవుడు రాడు.

జోఫ్కా వింకోకు వదిన, చనిపోయిన అన్న భార్య. ఇంటిముందు మూడు బల్లలు వేసుకుని, నడిచొచ్చే వాళ్ళకు పుట్టగొడుగుల సూపూ, తోడుపెట్టిన పాలూ అమ్ముకుని బతికింది. వరద ఇంటినిండా మోకాటిలోతు బురద నింపిపోతే చలికాలమంతా ఒక్కతే ఎత్తిపోసింది. మే నెల నుంచి రోజూ సూపు కాస్తోంది. తాగేది ఆమె, వింకో.

ఆ గురువారం మధ్యాహ్నం ఆఖరి గుర్తు చెరిపేసి అతను వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"అయిపోయిందా, మరిదీ?"

"ఇంకేం మిగల్లేదు, వదినా."

"మంచి పని చేశావ్. ఇంకో తుంటి విరిగితే నా సూపు కోసమే విరిగిందంటారు." గిన్నె అతని ముందు పెట్టింది. "ఆవుకి బేరం కుదిరింది. సోమవారం తోలుకుపోతారు. నేనూ మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. వాళ్ళది మూడో అంతస్తు. కిటికీలోంచి బస్టాండు కనపడుద్దంట. ఇంక కాలక్షేపానికి కరువేముంది?"

వింకో చెంచా కింద పెట్టాడు. "గట్టు మీద దారి నించి మన అడివిలోగుండా కిందికి ఓ పాయ తీద్దామని సంఘంలో దార్యాని అడిగా."

"ఏమంది?"

"చలికాలం మీటింగులో పెడతానంది."

"ఈలోపు నా ఆవు ఎవరికి పాలిస్తదో." అతని మొహం వంక చూసింది. "ఏంటలా పాలిపోయావ్? మాత్ర నాలిక్కింద పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

పెట్టుకోలేదు. మాత్రలు నిన్నటి చొక్కా జేబులో ఉండిపోయాయి.

ఇంటికి పోయి పడుకుంటానని చెప్పి లేచాడు. వెళ్ళింది మాత్రం కట్టెల కొట్టం వెనక్కి. ఎరుపు డబ్బా, తెలుపు డబ్బా పొద్దున్నే అక్కడ దాచాడు. వాటితో గట్టు మీదికెక్కాడు. ఆ అడవి తండ్రి వాటాగా ఇచ్చినది, అందులో దుంగలు లాగిన పాత బాట ఉంది. మూడు ఆదివారాలు కర్రతో అడుగడుగూ పొడిచి చూసుకున్నాడు. నేల గట్టిదే. సంఘానికి చెప్పకుండా గుర్తు పెట్టడం అతని జన్మలో ఇదే మొదటిసారి. ఎర్ర వలయం తిప్పడం, కూర్చోవడం, చుక్క పెట్టడం. ప్రతి చెట్టు కిందా కిందటి చెట్టుకంటే కాస్త ఎక్కువసేపే కూర్చున్నాడు. భయం లేకపోలేదు. అయినా పద్దెనిమిదో చెట్టు దాకా వచ్చాడు. అది జోఫ్కా కంచె పక్కనున్న చెట్టు, బీచ్ అనే అడవి జాతిది.

పొద్దు వాలుతుండగా జోఫ్కా వంటింటి కిటికీలోంచి అతన్ని చూసింది. చెట్టుకు ఆనుకుని, బ్రష్షు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నెత్తిమీద ఎర్రగా వలయం. సంగతి ఆమెకు అర్థమైంది.

"మొత్తానికి దొంగపనికి దిగావన్నమాట, మరిదీ," అని కిటికీలోంచే కేకేసింది.

రంగు ఆరాలిగదా అనుకుని కదిలించలేదు. సూపు వెచ్చబెట్టింది. చల్లారిపోతే మళ్ళీ వెచ్చబెట్టింది. మూడోసారి గిన్నె పట్టుకుని తనే వెళ్ళింది. అతని చెయ్యి పట్టుకుని, ఆ పక్కనే కూలబడి, సూపు చల్లారేదాకా లేవలేదు.

శనివారం వింకోను పూడ్చిపెట్టారు. ఆదివారం దార్యా గట్టు మీంచి ఆ గుర్తులు చూసుకుంటూ దిగింది. ఆమె వెనకే ఎవరో నలుగురు, దాహంతో. జోఫ్కా నాలుగు గిన్నెలు కడిగి పెట్టింది. ఆవు బేరగాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

దార్యా బీచ్ చెట్టు దగ్గర ఆగి చాలాసేపు చూసింది. చెట్టు వేళ్ళ మధ్య ఉండిపోయిన తెల్లరంగు డబ్బా తీసి, చుక్క పెడదామని మూత తిప్పబోయింది.

"వద్దమ్మా," అంది జోఫ్కా. "అది ఇంకా ఆరలేదు."

వలయం ఎప్పుడో ఆరిపోయింది. చుట్టూ ఎరుపు, మధ్యలో అరచేయంత ఉత్త బెరడు.