పన్నెండు ఖాకీ చొక్కాలు

"పన్నెండా?" హలీమా బీ గొంతు కీచుమంది. "మా ఇంట్ల పన్నెండు అంగీలు ఎన్నడున్నయి సాబ్? ఎవలు చెప్పిన్రు గీ మాట?"

ఠాణా వసారాలో బల్ల వెనక కూర్చున్న గుమాస్తా తల ఎత్తలేదు. కాగితం మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు. ఖాసిం అలీ, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కొలిమి పని, ఇంట్లో పన్నెండు ఖాకీ చొక్కాలు, రజాకార్ల కోసం కుట్టించినట్టు అనుమానం. ఎవరు చెప్పారో రాయలేదన్నాడు.

పోలీసు చర్య ముగిసి నెల కావస్తోంది. పొద్దున ఏడింటి నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఆ ఎండలో నిలబడి ఉన్నారు. లోపల ఉన్న మొగుడికని హలీమా తెచ్చిన రొట్టెల డబ్బా ఆమె చేతిలో అలాగే ఉంది. వెనక నిలబడ్డ పక్కింటి దేవకృపకు మాత్రం ఎండ తెలియడం లేదు. చెవిలో ఆ పన్నెండే మోగుతోంది. ఆ లెక్క ఈ లోకంలో ఒక్కరి నోటి నుంచే వచ్చింది. ఆ నోరు తనదే.

"రేపు పొద్దున పట్టుకొచ్చినోళ్లను లారీలో జైలుకు పంపుతరు," అన్నాడు గుమాస్తా. "అంతలోపల మీ కులపోళ్లు కాని ఇరుగుపొరుగు ఎవరన్న వచ్చి, ఈయన అసుమంటోడు కాదని సాక్ష్యం రాసిస్తే దొరగారు సూస్తరు." అని దేవకృప వైపు చూశాడు. "నువ్వు కిరస్తానీవే గదా? ఇస్తవా?"

హలీమా గిర్రున తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ కళ్లలో ఆశ చూడలేక దేవకృప నేలచూపులు చూసింది.

"మా ఆయన్ని అడిగి చెప్తా," అంది.

మొగుణ్ణి అడగాల్సిన పని ఏముంది? ప్రభుదాసు అదే వర్క్‌షాపులో ఫిట్టరు, ఖాసింతో పదేళ్లుగా ఒకే గేటులోంచి లోపలికి పోయేవాడు. అడగాల్సింది తన మనసును. దానికి ముఖం చూపించడానికే ఆమెకు భయంగా ఉంది.

సీతాఫల్‌మండిలో తమ వీధి దాకా ఇద్దరూ నడిచే వచ్చారు. దారి పొడుగునా హలీమా ఒకటే మాట. "ఏడు అంగీలు చెల్లె. ఏడే. అంగీకి ఆరణాల కుట్టుకూలి. ఖార్ఖానల మసి కనవడకుండ అందరు ఖాకీనే తొడుగుతరు గదా. అండ్ల ఒకటి మీ ఆయనదే సుత."

అదీ దేవకృపకు తెలుసు. తెలిసే చేసింది.

ఆ సంగతి జరిగింది ఆగస్టులో, మిషను స్త్రీల గురువారం ప్రార్థన కూటంలో. వరసగా ఒక్కొక్కరూ ప్రార్థన విన్నపాలు చెప్పుకుంటున్నారు. ఒకామె భర్తకు క్షయ. ఒకామె తమ్ముడు ఊళ్లోంచి పారిపోయి జాడ లేడు. వింటున్నవాళ్లు కళ్లు ఒత్తుకుంటున్నారు. దేవకృప వంతు వచ్చింది. ఆమె దగ్గర చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. ఊరికే కూర్చుంటే భక్తి లేనిదాన్ని అనుకుంటారేమోనని, "మా పక్కింట్ల ఖాకీ అంగీలున్నయి, పన్నెండు. వాళ్ల మనసు మారాలని ప్రార్థన చెయ్యున్రి" అనేసింది. ఏడు పన్నెండు ఎందుకయిందంటే ఏం చెబుతుంది? పన్నెండు గోత్రాలు, పన్నెండుమంది శిష్యులు చదివి చదివి అలవాటుపడ్డ నోరు. అందరూ "అయ్యో ప్రభువా" అని నిట్టూరిస్తే ఆ రోజు ఆమె మనసు పొంగింది కూడా. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దలు.

హలీమా పరాయిదయితే ఇంత బాధ ఉండేది కాదేమో. పొరుగుకు వచ్చిన మొదటి ఏడు షబే బరాత్ పండుగకు హలీమా హల్వా తెచ్చి ఇస్తే, వాళ్ల ప్రార్థన ఫాతిహా చదివినది మనకు తగదని దేవకృప దాన్ని దొడ్డి వైపు గోడ అవతల పారేసింది. హలీమా చూసింది. మరుసటి ఏడు గిన్నె తెచ్చి, "చదవక ముందే తీసి పెట్టిన చెల్లె. నీకు చెల్లుతది," అంది. ఎనిమిదేళ్లుగా అంతే. దేవకృప నియమం హలీమా ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. ఆ ఫాతిహాలో ఏం చదువుతారో, ఎవరి కోసం చదువుతారో దేవకృప ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

నాలుగింటికి కూటానికి వెళ్లింది. బడి గదిలో చాపలు పరిచి ఉన్నాయి. కూటం నడిపేది మేబెల్ టీచరమ్మ. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మిషను బడికి పెద్ద. ఆ బడిలోనే దేవకృప ఆయా, నెలకు పద్దెనిమిది రూపాయలు.

"దేవకృపా, నీ ప్రార్థనకు జవాబొచ్చిందమ్మా," అంది టీచరమ్మ నిండుగా నవ్వుతూ. "మా మరిది చెప్పాడు. ఆ ఖాకీల సాయిబును పట్టుకుపోయారంట. నేనే ఆయన చెవిన వేశాను, ఆయన ఠాణాలో చెప్పాడు. లేచి సాక్ష్యం చెప్పు, అందరం స్తుతిద్దాం."

దేవకృప లేచింది. చెమటకు రవిక వీపుకు అంటుకుపోయింది.

"పన్నెండు కాదమ్మగారూ. ఏడు. పెరిగిన అయిదు నా నోట్ల పుట్టినయి. ఉన్న ఏడింట్ల ఒకటి మా ఇంటాయనది."

టీచరమ్మ ముఖంలో నవ్వు సగంలో ఆగింది.

"పోనీలేమ్మా, పొరపాటు. కూర్చో. ఆ కుటుంబం గురించి కూడా ప్రార్థనలో పెడదాం."

"వద్దమ్మగారూ. పోయినసారి ప్రార్థనల పెడితేనే ఠాణకు పోయింది. ఈసారి నేనే ఠాణల చెప్తా."

"నీకేమన్నా మతి పోయిందా? నా పేరు, మా మరిది పేరు బయటికొస్తాయి. బడిలో నీ ఉద్యోగం సంగతి కూడా కాస్త ఆలోచించుకో."

"గదే ఆలోచించుకుంట రెండు నెలలు నోరు మూసుకున్న," అంది దేవకృప. దండం పెట్టి బయటికి వచ్చేసింది.

ఇంటికి వచ్చి మేకుకు తగిలించి ఉన్న ప్రభుదాసు ఖాకీ చొక్కా తీసుకుంది. కాలరు దగ్గర హలీమా వేసే రెండు వరసల కుట్టు అలాగే ఉంది. దీన్ని గుమాస్తా బల్ల మీద పెట్టి చెప్పాలి. నమ్ముతారో, తిప్పి పంపుతారో, అబద్ధం చెప్పినందుకు తననే కూర్చోబెడతారో తెలియదు. అయితే ఠాణా కంటే ముందు దాటాల్సిన గడప ఒకటుంది.

హలీమా ఇంట్లో అగరొత్తి పొగ కమ్ముకుని ఉంది. మొగుడు క్షేమంగా తిరిగి రావాలని గురువారం, జుమ్మేరాత్ ఫాతిహాకు రొట్టె, బెల్లం నలిపి మలీదా చేసింది. దేవకృప చేతిలో చొక్కా చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"వస్తున్నవా చెల్లె ఠాణకు? నాకెరుకే, నువ్వు ఇడిసిపెట్టవని." గబగబా లోపలికి పోయి చిన్న గిన్నె తెచ్చింది. "పొద్దుటి సంది ఏం తినలే నువ్వు. జెర నోట్లె ఏస్కో, పోదాం."

దేవకృప చెయ్యి చాపలేదు.

"వద్దు ఆపా."

"అయ్యో, ఇది చదివింది కాదు చెల్లె," అంది హలీమా, తప్పు తనదే అయినట్టు కంగారుపడుతూ. "నీది ముందే ఏరుగ తీసి పెట్టిన."

దేవకృప చొక్కాను రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"ఆపా, నీ చేతి కూడు తినే మొఖం లేదు నాకు. ఆ పన్నెండు అన్నది నేనే."

హలీమా గిన్నె వెనక్కి తీసుకోలేదు. ముందుకూ జరపలేదు. గడప మీద అలాగే పట్టుకుని నిలబడింది.