చుట్టాలొస్తే పరిచే దుప్పట్లు

పటాలంలో అతన్ని అందరూ స్టూడియో అనే పిలిచేవారు. సైన్యంలో చేరకముందు ఒక ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడు మరి. తుపాకీ పట్టినా ఆ అలవాటు పోలేదు. ఎవరి ముందు కెమెరా ఎత్తినా నోటివెంట ముందుగా వచ్చే మాట ఒకటే: "గడ్డం కొంచెం పైకి. రెండు చెవులూ కనపడాలి." దేశం కాని దేశానికి వచ్చి, కొండ కింది చిన్న బడిలో పిల్లలకు బ్యాగులు పంచిన రోజు కూడా ఆ మాటే అంటూ ఒక్కొక్కరినీ సున్నం గోడకు ఆనించి ఫోటోలు తీశాడు.

అప్పటికి వాళ్ళమ్మ పోయి ఎన్నాళ్ళో కాలేదు.

ఆ కబురు వచ్చినప్పుడు మంచు పడి దారులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. కెప్టెన్ అతని భుజం మీద చెయ్యి వేసి, "సెలవు ఇవ్వగలనయ్యా, దారి ఇవ్వలేను" అన్నాడు. "ఫర్వాలేదు సార్" అన్నాడు మనవాడు. వెళ్ళి భోజనం చేశాడు. మారు కూడా వడ్డించుకున్నాడు. బూట్లు తుడుచుకున్నాడు. పక్క మంచం అతన్ని అందరూ గురక అంటారు, ఎందుకంటారో చెప్పక్కర్లేదు, పాపం ఆ గురక ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటుంటే, "లైటు తీసెయ్యనా?" అని అడిగాడు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు, రాలేదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, మనిషంతా అలా ఉన్నాడు.

క్యాంపులో ఇంటికి మాట్లాడుకోవడానికి ఉన్నది ఒకటే ఫోను. దాని ముందు ఎప్పుడూ వరసే. తన వంతు వచ్చి అక్కతో మాట్లాడినప్పుడు ఆవిడ చడామడా కడిగేసింది.

"ఒక్క చుక్క రాలేదుట్రా నీకు? నువ్వు మనిషివా, మైలురాయివా?"

"ఏమోనే అక్కా. రావడం లేదు."

ఆ తర్వాత అక్క అమ్మ మాట ఎత్తడం మానేసింది. ఆవిడ బట్టలు కుడుతుంది. చేతులు ఖాళీగా ఉంటే ఊరుకోలేని మనిషి, అమ్మ పోయాక అసలే ఊరుకోలేకపోయింది. తమ్ముడున్న చోట పిల్లలు ఎరువుల గోతాల్లో పుస్తకాలు వేసుకుని బడికి వెళ్తున్నారని విన్నదే తడవు ఇల్లిల్లూ తిరిగి పెన్సిళ్ళు, మేజోళ్ళు, స్వెటర్లు పోగుచేసింది. రెయిన్‌కోట్లు కుట్టించే కంపెనీ ఒకటి మిగిలిపోయిన నారింజరంగు గుడ్డ తానంతా బ్యాగులకని ఊరికే ఇచ్చింది. ఊరికే అంటే మరీ ఊరికే కాదు. బ్యాగు మీద 'మన సైనికుల కానుక' అని అరచేతంత అక్షరాలు వెయ్యాలి, కింద జెండా ఉండాలి, పిల్లలు అవి తగిలించుకున్న ఫోటోలు పంపాలి. దానం చేసేవాళ్ళకు ఆమాత్రం మోజు ఉంటుంది లెండి.

"అమ్మ అల్మారా ఖాళీ చేశానురా" అంది అక్క ఒకసారి, బ్యాగుల సంగతి మాట్లాడుతూనే.

"మంచిపని చేశావు. గదిలో చోటొచ్చింది" అన్నాడు అతను. ఖాళీ చేసినవి ఏమయ్యాయని అడగలేదు.

ఆ అల్మారా గురించి ఇంట్లో చెప్పుకోని జోకు లేదు. రెండు తలుపులదీ, దాని నిండా కొత్త దుప్పట్లు. అమ్మకు దుప్పట్ల పిచ్చి. కొనడమే గాని పరిచింది లేదు. 'చుట్టాలొస్తే పరుద్దాం' అనేది. తీరా చుట్టాలు వస్తే వాళ్ళను ఎగాదిగా చూసి, 'వీళ్ళ మొహానికి ఇవెందుకు' అని గొణుక్కుంటూ పాతవే పరిచేది. జ్వరమొచ్చిన రోజున బాతుల దుప్పటి కప్పమని మనవాడు మారాం చేస్తే, 'నువ్వేమన్నా చుట్టానివా?' అని కసిరింది. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ అతుకుల దుప్పట్ల మీదే పెరిగి పెద్దవాళ్ళయ్యారు.

బ్యాగులు పెట్టెల కొద్దీ వచ్చాయి. ఒక్కోదాంట్లో పెన్సిళ్ళూ మేజోళ్ళూ కుక్కి జిప్పు బిగించి పంపింది అక్క. స్టూడియో వాటిని బడి వరండాలో పంచాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. అందులో ఒక పిల్ల ఉంది, కాలు ఒకచోట నిలవదు, నిలబెట్టిన చోటే గిర్రున తిరుగుతుంది. దానికి బొంగరం అని పేరు పెట్టాడు. ఎన్నిసార్లు తీసినా దాని ఫోటో చెదిరిపోతోంది. ఆఖరికి బుగ్గల నిండా గాలి పట్టి ఆపమని సైగ చేసి, అది ఆపిన ఆ కాస్తలో నొక్కేశాడు. అద్దంలో చూసినట్టు వచ్చింది మొహం. పిల్లలు నవ్వుతున్నారని అతనికి తెలుస్తూనే ఉంది. తనూ నవ్వాలని గుర్తొచ్చి నవ్వాడు.

"బ్యాగులు తెరిచి చూశావా?" అని అడిగింది అక్క, ఫోటోలు చేరాక.

"చూశా. బాగున్నాయి." అతను ఒక్కటీ తెరిచి చూడలేదు.

"ఏం బాగున్నాయి?"

"అన్నీ."

అక్క సరే ఉంటానని పెట్టేసింది.

రెయిన్‌కోట్ల కంపెనీ ఆ ఫోటోలను ఇంటర్నెట్టులో పెట్టి జబ్బలు చరుచుకుంది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మెచ్చుకోనివాళ్ళు కూడా చూశారని, బడి పంతులమ్మ క్యాంపు గేటు దగ్గరికి వచ్చిన ఉదయం తెలిసింది. ఆవిడ పట్నంలో చదువుకున్నప్పుడు వీళ్ళ భాష నేర్చుకుంది. కోటు లోపలి నుంచి మడత పెట్టిన కాగితం తీసి కెప్టెన్ బల్ల మీద పరిచింది. బొంగరం ఫోటో. నారింజ బ్యాగు, జెండా, పట్టిన ఊపిరి, రెండు చెవులు. నాలుగు మూలలా జిగురు ఆనవాళ్ళు.

"బడి తలుపుకి అంటించి పోయారు. ఎవరో మీకు తెలుసు."

తెలుసు. సైనికుల దగ్గర ఏం పుచ్చుకున్నా ఊరుకోమని కొండ మీదివాళ్ళు, అంటే వీళ్ళతో పోరాడే తిరుగుబాటుదారులు, ఎప్పుడో చాటింపు వేశారు. ఊరుకోకపోవడమంటే ఏమిటో కింద ఊరివాళ్ళు ఒకటి రెండుసార్లు చూశారు కూడా.

"ఆ పాపకేమైనా..." అన్నాడు కెప్టెన్ పక్కనే నిలబడ్డ స్టూడియో.

"ఇంకా ఏమీ కాలేదు. వాళ్ళమ్మ తలుపేసి లోపల కూర్చోబెట్టింది. అందరూ అంతే. నిన్న బడికి వచ్చింది నేనొక్కదాన్నే. గంట నేనే కొట్టుకుని, నేనే వెళ్ళి కూర్చున్నాను." ఆవిడ అతని వైపు తిరిగింది. "మీరు చాలా బాగా తీశారు. అదే వచ్చిన చిక్కు. కాస్త మసగ్గా తీసుంటే ఎవరి పిల్లో ఆనవాలు దొరికేది కాదు. చెవులతో సహా కనపడుతున్నారు."

"క్షమించండి" అన్నాడు స్టూడియో.

"అది తీసుకెళ్ళి ఏ తలుపుకి అంటించుకోమంటారు?"

కెప్టెన్ కల్పించుకుని, బ్యాగులన్నీ వెనక్కి తెప్పించేస్తానన్నాడు. పంతులమ్మకు ఒళ్ళు మండింది.

"ఇంటింటికీ మీ జీపు తిప్పుతారా? ఏ ఇంటి ముందు ఆగిందో కొండ మీద అందరికీ కనపడుతుంది. వద్దు బాబూ. బ్యాగుల సంగతి మేం చూసుకుంటాం. మీరు ఆ ఫోటోలు తీయించెయ్యండి. బడి వైపు రాకండి. పిల్లలు ఎదురుపడితే ఎవరో తెలీనట్టు పొండి. వాళ్ళకీ అదే నేర్పుతాను."

అక్కకు చెబితే గొల్లుమంది. కంపెనీవాళ్ళు ముందు తీసేది లేదన్నారట, జనం మెచ్చుకుంటుంటే ఎందుకు తీయాలన్నారట. అక్క వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి, తీసేదాకా కదలనని మేనేజరు ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంది. తీయించింది.

"నా వల్లేరా ఇదంతా?"

"కాదే. చెవులు కనపడేలా తీసింది నేను" అన్నాడు అతను, వాతావరణం చెబుతున్నవాడిలా.

కెమెరాలో ఉన్నవి కూడా చెరిపేశాడు. బొంగరం మొహం తెర మీద నుంచి పోతున్నప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఈ పిల్లకు ఏమైనా అయిందని కబురొస్తే నేను మళ్ళీ మారు వడ్డించుకుంటానా? వడ్డించుకుంటానేమో అనిపించింది. ఇన్నాళ్ళలో అతను భయపడింది ఆ ఒక్కదానికే.

తర్వాత అతన్నీ గురకనూ వంతెన మీద కాపలాకు వేశారు. ఊరికీ బడికీ మధ్య వాగు మీద ఉన్న వంతెన అది. బడికి వెళ్ళాలంటే పిల్లలకు వేరే దారి లేదు. రోజూ పొద్దున్నే అవతల గట్టు మీద బడి గంట మోగేది. వంతెన మీదికి ఒక్క పిల్లా వచ్చేది కాదు. పంతులమ్మ ఒక్కతే నడిచి వెళ్ళి, సాయంత్రం ఒక్కతే తిరిగొచ్చేది. వాళ్ళిద్దరి వైపు చూసేది కాదు.

"ఆవిడ ఎవరికి చెబుతోందిరా పాఠం, బెంచీలకా?" అన్నాడు గురక. స్టూడియో గంట మోగినప్పుడల్లా ఊరి వైపు మలుపు కేసి కళ్ళు కాయలు కాచేలా చూసేవాడు.

ఒక పొద్దున, మంచు నీళ్ళై కారుతున్న రోజున, గంట ఇంకా మోగకముందే ఆ మలుపు దగ్గర పంతులమ్మ కనిపించింది. ఆవిడ వెనక పిల్లలు. చప్పుడు చేయకుండా, ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని వస్తున్నారు. నారింజరంగు ఎక్కడా లేదు.

"ఒరేయ్ స్టూడియో, ఇవేం బ్యాగుల్రా? పరుపులు మోసుకొస్తున్నట్టున్నారు" అన్నాడు గురక.

బ్యాగులు అవే. లోపలిది బయటికి తిప్పేశారు. కుట్లు పైకి తేలి, దారాలు వేలాడుతున్నాయి. జిప్పు లోపలికి పోతే తాడు కట్టుకున్నారు. అక్షరాలూ జెండా లోపలెక్కడో పుస్తకాలకు ఒరుసుకుంటూ ఉండి ఉంటాయి. బయటికి వచ్చింది అక్క లోపల వేసి కుట్టిన గుడ్డ.

మొదటి పిల్లవాడి వీపు మీద పసుపుపచ్చ పూలు. తర్వాతి దాని వీపు మీద ఎరుపూ తెలుపూ గళ్ళు. ఆ వెనక వంగపండు రంగు మీద సన్నని తీగలు. కొత్త రంగులు, ఒక్క ఉతుకు కూడా పడనివి. స్టూడియోకు ముందు ఏమీ అర్థం కాలేదు, ఎక్కడో చూశాననుకున్నాడు. తలుపు తెరిస్తే గుప్పున కొట్టే కలరా ఉండల వాసన గుర్తొచ్చింది, అప్పుడు అర్థమైంది. అమ్మ అల్మారా మొత్తం వంతెన దాటుతోంది.

చివర్లో బొంగరం వచ్చింది. తిరగడం లేదు. చక్కగా, నేర్పినట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, వంతెన స్తంభాన్ని దాటినట్టు అతన్ని దాటిపోయింది. అతను కూడా తెలియనట్టే నిలబడ్డాడు. దాని వీపు మీద నీలం గుడ్డ, దాని మీద తెల్ల బాతులు.

కాపలా దిగగానే వెళ్ళి ఫోను వరసలో నిలబడ్డాడు.

"అక్కా, పిల్లలు బడికొచ్చారే."

"ఆ పిల్ల?"

"వచ్చింది."

అక్క ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

"బ్యాగులు తిరగేసి తగిలించుకున్నారు. లోపలిది బయటికి."

అక్క మెల్లగా అంది, "అయితే ఇవాళ చూశావన్నమాట."

"ఇవాళే చూశాను. అప్పుడు ఊరికే అన్నాను."

"తెలుసులేరా. చూసినవాడివైతే అలా మాట్లాడతావా? నీకు తెలియాలనే వేసి కుట్టాను. ఎలా చెప్పాలో తెలీక." వెంటనే మాట మార్చింది. "ఒక్క ఫోటో తియ్యరా. నా ఒక్కదానికే. ఒట్టు, ఎవరికీ చూపించను."

"తియ్యనే."

"మొహాలొద్దులే. వీపులు చాలు."

"వీపులు కూడా వద్దక్కా."

అక్క బతిమాలలేదు. "అయితే చెప్పు. ఏవేవి వచ్చాయో చెప్పు" అంది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. పై అధికారికి నివేదిక ఇచ్చినట్టు, ఎత్తూ పల్లం లేని గొంతుతో చెప్పాడు. "ముందు పసుపు పూలది వచ్చింది."

"పెద్దత్త వచ్చినప్పుడు అమ్మ సగం పరిచి తీసేసింది, అదే."

"తర్వాత ఎర్రగళ్ళది. వంగపండుది. ఆకులది ఇద్దరి దగ్గరుంది."

"అది పెద్దది. రెండు బ్యాగులకు సరిపోయింది."

"చివర్లో..." అని ఆగాడు.

ఏది మిగిలిందో అక్కకు తెలుసు. కిందటిసారి సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ అతని మంచం మీద బాతుల దుప్పటి పరిచింది. అడక్కుండానే పరిచి, తలుపు దగ్గర నిలబడి చూసింది. 'నేనేమన్నా చుట్టాన్నా?' అని అతను దాన్ని తీసి కుర్చీలో పడేసి, పాత దుప్పటి వెతుక్కుని దాని మీదే పడుకున్నాడు. పొద్దున లేచేసరికి కుర్చీలో అది లేదు. అమ్మ ఎప్పుడు మడత పెట్టి అల్మారాలో పెట్టేసిందో అతను చూడలేదు. అదే ఆఖరిసారి.

"బాతులది" అన్నాడు. "నాకు పరిచింది కదే, అక్కా. నేను పడుకోలేదు."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఫోను చెవికి ఆనించుకునే, గోడ వైపు తిరిగి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. అవతల అక్క అలాగే వింటూ ఉండిపోయింది. వెనక వరసలో ఎవరో విసుక్కుంటూ, ఇంకెంతసేపు, తర్వాతి వంతు ఎవరిదని అడిగారు.

"నాదే" అన్నాడు గురక. "నాది కూడా వాణ్ణే మాట్లాడుకోనీ."