కమ్మూనా మౌనం

జెర్బా దీవిలోని యూదుల వాడలో కమ్మూనా అంత వాగుడుకాయ ఇంకొకరు లేరు. "చావింటికెళ్తున్నావ్, ఆ నోరు కాస్త కట్టేసుకో తల్లీ!" అని అత్తగారు గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. దుఃఖంలో ఉన్నవాళ్లు తమంతట తాము పలికేదాకా పరామర్శకు వెళ్లినవాళ్లు పెదవి విప్పకూడదు. అది వాళ్ల ఆచారం.

పొద్దున్నే మొగుణ్ణి మట్టి చేసిన ఘజాలా నేలమీద గోడకు చేరగిలబడి ఉంది. మాటా లేదు, మెతుకు ముట్టిందీ లేదు. వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, నిట్టూర్చి, ఎవరి దారిన వాళ్లు పోయారు. కమ్మూనా మాత్రం ఉడికించి తెచ్చిన గుడ్లు, రొట్టె ఆమె ముందు పెట్టి పక్కనే చతికిలబడింది. గొంతుదాకా వచ్చిన మాటల్ని దిగమింగుకుంటూ లేచి గిన్నెలు తోమింది, ఇల్లు ఊడ్చింది, మళ్లీ వచ్చి కూర్చుంది. పొద్దు వాలింది.

ఘజాలా తలెత్తి ఆమెను ఎగాదిగా చూసింది. చేయి చాపి నుదురు తాకింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా? ఎన్నడూ లేంది ఇంత మౌనమేంటే? ముందు నువ్వు కాస్త ఎంగిలిపడు," అంటూ గుడ్డు తీసి ఒలవసాగింది.

"నువ్వూ తింటేనే అక్కా," అంది కమ్మూనా.

ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి మాట అదే.